ఆపరేషన్ తర్వాత భుజం ఎందుకు పట్టేస్తుంది?

భుజానికి ఆపరేషన్ జరిగి మూడు నెలలైనా తల దువ్వుకోవడానికి చెయ్యి లేవడం లేదంటే ఇంట్లోవాళ్లు వెంటనే అనే మాట: "ఎక్సర్‌సైజులు ఎగ్గొట్టి ఉంటావు." చాలాసార్లు అది అన్యాయమైన నింద. ఎవరి భుజం బిగుసుకుంటుందన్నది కొంతవరకు ఆపరేషన్‌కు ముందే ఒంట్లో తేలిపోయి ఉంటుంది.

కీలు చుట్టూ సంచిలాంటి పొర ఒకటుంటుంది. గాయం మానేటప్పుడు అది వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతే చెయ్యి పైకి లేవదు, వీపు వెనక్కి పోదు.

భుజాన్ని తిప్పే కండరాలను ఎముకకు పట్టి ఉంచే టెండన్లను రొటేటర్ కఫ్ అంటారు. అవి చిరిగి, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో కుట్టించుకున్న 489 మంది వివరాలతో అమెరికాలో 2009లో ఒక అధ్యయనం వెలువడింది. వారిలో 4.9 శాతం మందికి బాధించేంత బిగుతు వచ్చింది. యాభై ఏళ్లలోపు వారికి, టెండన్‌లో కాల్షియం పేరుకున్నవారికి, ముందునుంచే భుజం పట్టేసి ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువ. వింతేమిటంటే, ఒక్క టెండన్ మాత్రమే చిరిగినవారిలోనూ ఎక్కువే. చిన్న చిరుగే కదా అని ధీమాగా ఉండటానికి లేదన్నమాట! పనిలో దెబ్బ తగిలి కార్మిక బీమా మీద వైద్యం చేయించుకున్నవారూ ఆ జాబితాలో ఉన్నారు. దాని కారణంపై ఎవరి ఊహ వారిది.

మనవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది షుగర్. ఆపరేషన్ ఊసే లేకుండా భుజం పట్టేసే ఫ్రోజెన్ షోల్డర్ మామూలుగా నూటికి 2 నుంచి 5 మందికి వస్తే, మధుమేహుల్లో 10 నుంచి 20 మందికి వస్తుందని అంచనా. దక్షిణాసియా వారికి పెద్దగా లావు లేకపోయినా షుగర్ వస్తుంది. అందుకే అమెరికాలో ఆసియా సంతతివారికి బీఎంఐ 25 కాదు, 23 దాటగానే పరీక్ష చేయమంటారు. థైరాయిడ్ మందగించినవారికీ ఫ్రోజెన్ షోల్డర్ ముప్పు ఎక్కువే. కనుక ఆపరేషన్ తేదీ ఖాయం చేసేముందే షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ తెలిపే టీఎస్‌హెచ్ ఎంతున్నాయో చూపించుకోండి. భుజం అప్పటికే బిగుసుకుని ఉంటే సర్జన్‌కు చెప్పండి. ముందు దాన్ని వదులు చేయాలా, కుట్టేటప్పుడే ఆ పనీ చేయాలా అన్నది ఆయన తేలుస్తారు.

అలాగని బిగుసుకుంటుందేమోనని భయపడి, ఆపరేషన్ తర్వాత చెయ్యి కదలకుండా మెడకు వేలాడదీసే పట్టీని (స్లింగ్‌ను) ముందే తీసేయకండి. త్వరగా కదిలిస్తే మొదటి నెలల్లో చెయ్యి కాస్త బాగా తిరుగుతుంది గానీ, ఏడాది తిరిగేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. పెద్ద చిరుగైతే కుట్టు మళ్లీ తెగే ప్రమాదమూ ఉంది. పైగా, తొలి వారాల్లో బిగుసుకున్న భుజాల్లోనే కుట్టు తెగడం తక్కువని ఆస్ట్రేలియా పరిశోధకులు గమనించారు. బిగుతు చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలో సడలుతుంది; సడలకపోతే కీహోల్ పద్ధతిలోనే కీలు చుట్టూ ముడుచుకున్న పొరను విడదీస్తారు.