బస్సు ముడుల ధరకు వెళ్ళిందా?



తెలుగు మీడియంలో పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరిన కొత్తలో ఇంగ్లీషు లెక్చరర్ బోర్డు మీద ఒక వాక్యం రాశారు. "ది బస్ వెంట్ ఎట్ ఎ రేట్ ఆఫ్ నాట్స్." రేట్ అంటే ధర, నాట్ అంటే ముడి. ధైర్యంగా లేచి, "బస్సు ముడుల ధరకు వెళ్ళింది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ సంవత్సరం మళ్ళీ ఇంగ్లీషు క్లాసులో నోరు తెరవలేదు.

ఆ జాతీయానికి అర్థం "చాలా వేగంగా" అని. మనం "ఆఘమేఘాల మీద వచ్చాడు" అన్నట్లే. పదం పదం విడగొడితే జాతీయం అర్థం కాదు. కానీ ముడి అన్న నా మాట తప్పు కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

పూర్వం ఓడలకు వేగం చూపే మీటర్లు లేవు. నావికులు ఒక చెక్కముక్కకు పొడవైన తాడు కట్టి ఓడ వెనుక నీళ్ళలో వేసేవారు. చెక్క దాదాపు ఉన్నచోటే నిలిచేది. ఓడ ముందుకు పోయేకొద్దీ తాడు విప్పుకునేది. 1574లో అచ్చయిన విలియం బోర్న్ పుస్తకంలో ఈ పద్ధతి ఉంది. తర్వాతి కాలంలో తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి వేశారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారితే, ఓడ వేగం గంటకు అన్ని నాటికల్ మైళ్ళు.

లెక్క చేసి చూడండి. 28 సెకన్లకు 47 అడుగుల 3 అంగుళాలైతే గంటకు 6,075 అడుగులు. 1929లో అంతర్జాతీయంగా నిర్ణయించిన నాటికల్ మైలు 1,852 మీటర్లు, అంటే సుమారు 6,076 అడుగులు!

ఆ చెక్కముక్క పేరు లాగ్. వేగం రాసుకున్న పుస్తకం లాగ్ బుక్. మనం కంప్యూటర్‌లో చేసే లాగిన్‌కు మూలం అదే. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం 34 నాట్లకు, అంటే గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తీవ్ర వాయుగుండం తుఫాను అవుతుంది.

మిత్రులారా! ఈ మాటను పుట్టించింది పండితులు కాదు, తడి తాడు పట్టుకుని ముడులు లెక్కపెట్టిన కష్టజీవులు. మన అమ్మానాన్నల్లాంటివారు. ఇంగ్లీషు ముందు మనం తలదించుకోనక్కర్లేదు. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. రాత్రి స్టడీ అవర్‌లో డిక్షనరీ తీయండి, మర్నాడు మళ్ళీ చెయ్యెత్తండి.