ఐచ్ఛికపరీక్ష నెన్నుకొను విధము

మన పాఠశాల విడిచి, పైచదువులు ముగించి, కంప్యూటరు పనులకై హైదరాబాదునకు పోవు యువకులు పెక్కురు గలరు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సున సికింద్రాబాదు జేరి, అమీర్‌పేటలోని శిక్షణాలయముల మెట్లెక్కుదురు. అచ్చట గోడలనిండ పరీక్షల పేళ్లే. ఏ పరీక్ష మేలని విద్యార్థులడుగుదురు. ఎంత వ్యయమని తల్లిదండ్రులడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును ఒక్కచోటనే కలియునని మా యభిప్రాయము. కావున సిస్కో సంస్థవారి సీసీఎన్‌పీ ఎంటర్‌ప్రైజ్ అను యోగ్యతాపత్రమును మాత్రము గైకొని వివరించుచున్నాము.

ఒక యూరి కంప్యూటరు పంపిన వార్త మరియొక యూరికి ఏ దారిని పోవలయునో నిర్ణయించు యంత్రమును రౌటరందురు. కాజీపేట జంక్షనులో మన బండి సికింద్రాబాదు వైపునకో విజయవాడ వైపునకో మరలింపబడుట మన మెరిగినదే. రౌటరు పనియు నట్టిదే. ఇట్టి యంత్రములను నడుపు నేర్పునకు సీసీఎన్‌పీ యొక నిదర్శనము. 2020 ఫిబ్రవరి 24కు పూర్వము, రౌటింగు విభాగమున దీనిని గోరువారు ముందుగా సీసీఎన్‌ఏ గడించి, పిమ్మట మూడు నియత పరీక్షలు వ్రాయవలసియుండెను. ఎన్నుకొనుట యను మాటయే లేదు. ఆ దినమునుండి ముందటి యోగ్యత యక్కరలేదనియు, 120 నిమిషముల మూలపరీక్ష యొకటి, 90 నిమిషముల ఐచ్ఛికపరీక్ష యొకటి చాలుననియు నిర్ణయించిరి. స్వేచ్ఛ వచ్చినది, దానివెంట చిక్కును వచ్చినది.

ఆరంభమున ఆరు ఐచ్ఛికపరీక్షలను ప్రకటించిరి. స్నేహితుడు సులభమనెనని యొకదానిని బట్టుకొనువారే యెక్కువ. ఇది సరికాదు. ఏది మూలపరీక్షకు దగ్గరగా నున్నది, దేనిని ఇంటివద్ద చేతులార అభ్యసింపవచ్చును, అని చూడవలయును. ఎనార్సి యనబడు ఉన్నత రౌటింగు పరీక్షలో ఓయస్‌పీయఫ్, బీజీపీ మున్నగు విషయములు మూలపరీక్షలో చదివినవే లోతుగా వచ్చును. ఒకచోటి శ్రమ రెండవచోట ఫలించును. దాని యభ్యాసమును జీఎన్‌ఎస్-3 వంటి ఉచిత సాధనముతో ఒక్క కంప్యూటరు మీదనే చాలవరకు సాగింపవచ్చును. వైర్‌లెస్ పరీక్షలట్లు కావు. గోడ యడ్డమైనచో సంకేతమెట్లు క్షీణించునో తెర మీది బొమ్మ నేర్పజాలదు. నిజమైన పరికరములు కావలయును. ఎస్‌డీ-వాన్ అభ్యాసమునకు మిక్కిలి మెమరీ గల యంత్రము లేక పని సాగదు. ఇక ఆటోమేషన్ పరీక్ష పైథాన్ భాషలో ప్రోగ్రాములు వ్రాయ నలవాటుపడినవానికి తగినది. ఆ యలవాటు లేనివాడు దానిని గోరుట ఈత నేర్వకయే పెన్‌గంగలో దిగుటవంటిది. డిజైను పరీక్ష కొన్నియేండ్లు పనిచేసినవారికి విడుచుట మంచిది. మొదటిసారి వ్రాయు మన యూరి బాలునకు ఎనార్సియే తగునని మేము నిస్సంకోచముగా చెప్పుదుము.

వ్యయమును దాచరాదు. మూలపరీక్షకు 400 డాలర్లు, ఐచ్ఛికపరీక్షకు 300 డాలర్లు సంస్థవారి రుసుము, పన్నులు వేరు. అనగా ఐచ్ఛికమొకటియే 25 వేల రూపాయలకు మించును. తప్పినవారు ఐదు దినములాగి మరల వ్రాయవచ్చునుగాని, రుసుము మరల చెల్లింపవలయును. 2014 సెప్టెంబరున సిర్పూరు కాగితపుమిల్లు మూతపడి, 2018లో జేకే పేపరువారి చేతికి వచ్చి మరల తెరవబడువరకు జీతములేక గడపిన యిండ్లు ఈ పట్టణమున నెన్నియో. ఆ యిండ్ల బిడ్డలకు ఈ మొత్తమెంతటిదో వేరుగ జెప్పనేల?

పట్టికలు మారుచుండుననియు గమనింపవలయును. 2000 సంవత్సరపు విండోసునకు సంబంధించిన మైక్రోసాఫ్ట్‌వారి ఎంసీఎస్‌ఈకి ఏడు పరీక్షలు, వానిలో రెండు ఐచ్ఛికములు. 2003 విండోసునకు వచ్చుసరికి ఐచ్ఛికము ఒకటియే. 2021 జనవరి 31తో ఆ పేరిట నిలిచియున్న పరీక్షలును ముగిసినవి. కావున పాత పుస్తకము చేతబట్టుకొని చదువ నారంభించుటకు ముందు, ఆ పరీక్ష యింకను జరుగుచున్నదా, మార్పు ప్రకటింపబడినదా యని సంస్థవారి ప్రకటనలోనే చూడవలయును. శిక్షణాలయపు బోర్డును నమ్మరాదు. అది రంగు వెలసినను తీయరు.

రెండు పరీక్షలలో ఏది ముందైనను నిషేధము లేదు. అయినను మూలపరీక్షనే ముందు వ్రాయుడు. అది గెలిచినంతనే స్పెషలిస్టు అను యోగ్యత యొకటి లభించును. ఏ శాఖయందు మనసు నిలుచునో యప్పటికి తెలియును. అది మొదలు మూడేండ్లలోగా ఐచ్ఛికము ముగింపవలయును. పూర్తియైన యోగ్యతాపత్రమునకును గడువు మూడేండ్లే. గడువు తీరకమునుపే మరల ఒక మూలపరీక్షనో, రెండు ఐచ్ఛికములనో గెలిచి, లేదా సంస్థవారు నియమించిన ఇతర మార్గముల ననుసరించి, దానిని నిలుపుకొనవచ్చును.