వెన్న ఉత్తరం

జర్మనీ దేశంలో క్రిస్మస్ పండుగకు తినే రొట్టె ఒకటి ఉంది. దాని పేరు ష్టోలెన్. పిండిలో వెన్న, ఎండుద్రాక్ష, బాదంపప్పు దండిగా కలిపి కాలుస్తారు. పైన మళ్ళీ వెన్న రాసి, చక్కెర పొడి చల్లుతారు. పొడుగ్గా, తెల్లగా ఉండే ఆ రొట్టెను చూస్తే, పొత్తిగుడ్డలలో చుట్టిన బాల యేసు గుర్తుకు వస్తాడని చెబుతారు.

ఇంత కమ్మని రొట్టె ఒకప్పుడు ఉపవాసపు రొట్టె అంటే మీరు నమ్ముతారా?

డ్రెస్డెన్ నగరంలోని ఒక ఆసుపత్రి లెక్కలలో 1474లోనే ష్టోలెన్ పేరు కనిపిస్తుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే వారాలను అడ్వెంట్ అంటారు. ఆ కాలంలో అడ్వెంట్ రోజులలో పాలు, వెన్న ముట్టరాదని మతనియమం ఉండేది. అందుచేత రొట్టెలు చేసేవారు పిండి, ఈస్టు, నీళ్ళు, ఆవజాతి గింజల నూనె మాత్రమే కలిపేవారు. రొట్టె చప్పగా ఉండేది.

ఇటలీ వంటి వెచ్చని దేశాలలో ఆలివ్ చెట్లు ఉన్నాయి గనుక వారికి మంచి నూనెకు కొదవ లేదు. జర్మనీ చలికి ఆ చెట్లు పెరగవు. అక్కడ పాడి ఉంది, వెన్న ఉంది. కాని దానిని వాడడానికి వీలు లేదు! చివరకు ఆ ప్రాంతాన్ని ఏలే సాక్సనీ ప్రభువులు రోములో ఉన్న పోప్‌కు మొరపెట్టుకున్నారు. 1491లో పోప్ ఎనిమిదవ ఇన్నోసెంట్ అనుమతి ఇచ్చాడు. ఆ అనుమతి పత్రానికే ‘వెన్న ఉత్తరం’ అని పేరు వచ్చింది. అయితే అది ఊరికే రాలేదు. వెన్న వాడుకునేవారు చర్చి నిర్మాణానికి సొమ్ము చెల్లించాలి!

అప్పటినుంచి ష్టోలెన్ దశ తిరిగింది. 1730లో సాక్సనీ ప్రభువు అగస్టస్ తన విందుకోసం సుమారు 1.8 టన్నుల ష్టోలెన్ చేయించాడు. దానిని కోయడానికి ప్రత్యేకంగా ఒక పెద్ద కత్తి కూడా చేయించాడు!

ష్టోలెన్‌ను కాల్చిన వెంటనే తినరు. కొన్ని వారాలు దాచి, రుచి ఊరిన తరువాత తింటారు. అన్నాళ్ళు ఎలా నిలవ ఉంటుంది? వెన్న రొట్టెను త్వరగా ఎండిపోనివ్వదు. చక్కెర తేమను పట్టి ఉంచుతుంది గనుక బూజుకు కావలసిన నీరు అందదు.

ఇప్పుడు డ్రెస్డెన్ ష్టోలెన్ అనే పేరుతో అమ్మాలంటే, 100 కిలోల పిండికి కనీసం 50 కిలోల వెన్న వేసి తీరాలి. చూశారా! ఒకనాడు వెన్న వేస్తే తప్పు. ఈనాడు వేయకపోతే తప్పు!