తాతగారి పెట్టెలో పాత పతకం ఉందా? అమ్మే ముందు ఇవి తెలుసుకోండి!

అమృతలూరు, తెనాలి, రేపల్లె వైపు పాత ఇళ్లలో ట్రంకు పెట్టె తెరిస్తే వెండి బిళ్ల ఏదైనా కనిపించొచ్చు. అది నాణెమా.. స్మారక పతకమా?

తేడా సింపుల్. ఎన్టీఆర్ శతజయంతి గుర్తుగా 2023 ఆగస్టు 28న విడుదలైన బిళ్లపై 100 రూపాయలు అని ఉంటుంది. కాబట్టి అది నాణెం. పతకంపై అలా విలువ ఉండదు. పట్టాభిషేకమో, రజతోత్సవమో గుర్తుండిపోవాలని కొట్టించేదే పతకం.

1871లో జర్మనీ ఒక్కటి కాకముందు ప్రష్యా, బవేరియా, సాక్సనీ రాజ్యాలు ఇలాంటివి చాలానే తెచ్చాయి. హైదరాబాద్‌లో 1937 నాటి నిజాం రజతోత్సవ పతకం ఉంది. మద్రాస్ ప్రెసిడెన్సీలో ఉన్న మన వైపైతే 1935 నాటి ఐదో జార్జి రజతోత్సవ పతకం దొరకొచ్చు.

దొరికితే చింతపండుతో తోమకండి! ఏళ్లుగా పట్టిన పొర పోతే విలువ పడిపోతుంది. అంచున అతుకు గీత, పైన సన్నటి గుంటలు ఉంటే పోత పోసిన నకిలీ కావచ్చు. పొలం తవ్వుతుంటే దొరికిందా? 10 రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టం చెబుతోంది.

అసలు జాగ్రత్త ఇక్కడే! 'పాత నాణేనికి లక్షలు' అనే వీడియో చూసి ఫోన్ చేస్తే ముందు కమీషన్, ట్యాక్స్ కట్టమంటారు. పాత నాణేల వ్యవహారాల్లో తాము లేమని, ఎలాంటి ఛార్జీలూ అడగమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే స్పష్టం చేసింది. నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడు.. అడగడు!