ఊడ్పు చెడితే తప్పు కూలీదేనా?
బేరం ఎలా ఉంటే పని అలా ఉంటుంది

సార్వా అదును వచ్చిందంటే డెల్టాలో ఏ గట్టు మీద నిలబడినా ఒకటే మాట వినిపిస్తుంది. "వెనకటిలా ఊడ్చేవాళ్ళు ఎక్కడున్నారండీ! దుబ్బుకీ దుబ్బుకీ మధ్య గేదె పడుకోవచ్చు" అని రైతు వాపోతాడు. "ఎకరానికి ఇంతే అని బేరం తెగ్గొట్టింది మీరే కదండీ. ఆ డబ్బుకి అంతే పనవుద్ది" అని ముఠా మేస్త్రీ జవాబు చెబుతాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ రైతు తన చేతిలో ఉన్నదాన్ని మార్చుకోవాలంటే మేస్త్రీ మాటనే కాస్త చెవిన పెట్టాలి.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. అప్పుడు వారు చెప్పిన కారణాల్లో ముంపు, గిట్టుబాటు కాని ధరలతో పాటు కూలి ఖర్చు కూడా ఒకటి. కూలి రేటు రైతు ఒక్కడి చేతిలో ఉండేది కాదు. ఇచ్చిన కూలికి తగ్గ పని రాబట్టుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

మూడు రకాల పని

ఊడ్పులు మూడు పద్ధతుల్లో జరుగుతాయి. రోజు కూలికి పెడితే కూలీకి తొందర ఉండదు. పొద్దు గుంకితే డబ్బు వస్తుంది కాబట్టి పని నిదానంగా సాగుతుంది, రైతు గట్టు మీదే కాపలా ఉండాలి. ఎకరానికి ఇంత అని గుత్తకి ఇస్తే అంతా తొందరే. ఊడ్పుల కాలం కొద్ది వారాలే. ఈ చేను ఎంత తొందరగా ముగిస్తే ఇంకో చేను అంత తొందరగా దొరుకుతుంది. కుదుళ్లు దూరం పెరిగే కొద్దీ నడుం వంచే పని తగ్గుతుంది. ఇక మూడోది ఒకరి చేలో ఒకరు బదులు పని చేసుకోవడం. ఇవాళ నేను నీ చేలో పలచగా ఊడిస్తే రేపు నువ్వు నా చేలో అలాగే ఊడుస్తావు. అందుకే అక్కడ ఎవరూ కాపలా ఉండనక్కర లేదు.

మనిషి అదే మనిషి. పద్ధతి మారితే పని మారుతోంది. మన చిన్న రైతుల్లో చాలామంది ఇంటి పని ముగిశాక పక్క చేలోకి కూలికి వెళ్ళేవారే. గుత్త పనిలో మనమెలా ఊడుస్తామో ఒకసారి గుర్తు చేసుకుంటే అవతలివారి మీద కోపం సగం తగ్గుతుంది. గుత్త బేరంలో మనం కొలిచేది ఎకరాలను మాత్రమే. కొలవని కుదుళ్లు తగ్గిపోతే ఆశ్చర్యపడనక్కర లేదు.

ఎకరానికి 50 వేల కుదుళ్లు

సార్వాలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు, దాళ్వాలో 44 కుదుళ్లు ఉండాలని శాస్త్రవేత్తల సిఫారసు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 33 చొప్పున లెక్కేస్తే ఎకరానికి 1 లక్షా 33 వేల కుదుళ్లు. గుత్త ఊడ్పు 20 దగ్గర ఆగిందనుకోండి, పడేవి 81 వేలే. అంటే 50 వేలకు పైగా కుదుళ్లు ఊడ్చిన రోజే పోయినట్లు. దుబ్బు బాగా పిలకలు వేసి ఈ లోటులో కొంత పూడుస్తుంది కానీ అంతా పూడ్చలేదు. ముదురు నారు వేసినప్పుడు, అదును దాటి ఊడ్చినప్పుడు పిలకలు ఇంకా తక్కువ వస్తాయి. ఖాళీ చోట కలుపు లేస్తుంది. దాన్ని తీయడానికి మళ్ళీ కూలి.

తొందర పనిలో పోయేవి ఇంకా రెండున్నాయి. ఒకటి లోతు. రెండు మూడు మొక్కలు పెట్టి, రెండు మూడు సెంటీమీటర్ల లోతుకు మించకుండా పైపైన నాటాలి. లోతుగా గుచ్చితే మొక్క తేరుకోవడం, పిలకలు రావడం ఆలస్యమవుతాయి. రెండోది కాలిబాటలు. ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల బాట తీస్తే చేలోకి గాలీ వెలుతురూ వస్తాయి, సుడిదోమ ఉధృతి తగ్గుతుంది. మందు కొట్టడానికీ ఎరువు చల్లడానికీ వీలుంటుంది. బేరంలో బాటల మాట లేకపోతే అవి చేలోనూ ఉండవు.

బేరంలో ఏం మాట్లాడుకోవాలి

ముందుగా, మేస్త్రీతో ఎకరం రేటు ఒక్కటే మాట్లాడి ఊరుకోవద్దు. ఎన్ని కుదుళ్లు, ఎన్ని బాటలు అన్నది కూడా అప్పుడే చెప్పండి. చేలో దిగాక చెబితే అది గొడవ. ముందే చెబితే అది బేరం.

బాటల కోసం తాళ్లు మనమే కట్టి ఇవ్వాలి. కొలత కళ్ళ ముందుంటే వెనక నిలబడి అరవనక్కర లేదు.

నాలుగు మీటరు వెదురు బద్దలు చదరంగా కట్టుకోండి. మొదటి మడి కాగానే, మేస్త్రీ పక్కన ఉండగా అయిదారు చోట్ల వేసి కుదుళ్లు లెక్కపెట్టండి. తక్కువగా ఉంటే రెండో మడి నుంచి సరిదిద్దుకోవచ్చు. ఎకరం అంతా అయ్యాక అరిచినా లాభం లేదు.

లెక్క కుదిరితే ఎకరానికి కొంత అదనం ఇస్తామని ముందే చెప్పి, ఆ సాయంత్రమే ఇచ్చేయండి. బాగా చేసినవారికీ చెడగొట్టినవారికీ ఒకే కూలి ఇస్తే మరుసటి ఏడు బాగా చేసేవారు కూడా మానేస్తారు. మాట ఇచ్చి తప్పితే మరీ చేటు. ఆ సంగతి ముఠా అంతటికీ తెలుస్తుంది, అదునులో మన చేనే ఆఖరవుతుంది.

వీలైతే ఊడ్చిన ముఠాకే కలుపు పని కూడా కలిపి ఒకే బేరం చేయండి. పలచగా ఊడిస్తే లేచే కలుపు తామే తీయాలని తెలిసినప్పుడు చెయ్యి దానంతటదే దగ్గర పడుతుంది.

నారు కట్టలు చేతికి అందేలా సర్దడం, దమ్ము చదునుగా చేయడం, తాగే నీళ్ళు గట్టు మీద ఉంచడం రైతు వంతు. మడి ఎత్తుపల్లాలుగా ఉంచి ఊడ్పు సమంగా లేదనడం న్యాయం కాదు.

కాలవకీ ఇదే సూత్రం

ఈ సంగతి చేలోనే ఆగిపోదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పటి బ్యారేజి 1982 నాటికి తయారైంది. కాలవల మీద పెత్తనంలో రైతుకి చోటిస్తూ 1997లో చట్టం వచ్చింది, నీటి సంఘాలు ఏర్పడ్డాయి. నీటి వంతులు వేయడం, మరమ్మతులు చూడడం, జమాఖర్చులు రైతుల ముందు పెట్టడం సంఘం పనులే. 2024 డిసెంబరులో ఈ సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి.

వేసవిలో కాలవలు కట్టినప్పుడు చేసే పూడికతీతను ఎన్ని క్యూబిక్ మీటర్లు అని మాత్రమే కొలిస్తే, తీసిన మట్టి గట్టు మీదే ఉండి తొలి వానకి మళ్ళీ కాలవలోకి జారినా లెక్కలో పని పూర్తయినట్లే. లాకు దగ్గర నీటిమట్టం సరిపోతే చాలనుకుంటే, లస్కరు దృష్టి లాకు మీదే ఉంటుంది. శివారు చేను ఎండినా ఆ లెక్కలోకి రాదు. కాంట్రాక్టరు పనినీ లస్కరు పనినీ శివారు బోదెలో నీళ్ళు ఎన్నో రోజున వచ్చాయి, ఎంత వచ్చాయి అన్న దానితో కూడా కొలవాలి. ఆ తేదీలు ఒక పుస్తకంలో రాసి సంఘం సమావేశంలో చదవమని శివారు రైతులు అడగవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

అన్ని ఎకరాల్లోనూ ఒకేసారి మార్చనక్కర లేదు. వచ్చే ఊడ్పుల్లో అరెకరం పాత బేరానికీ, అరెకరం కొత్త బేరానికీ ఇవ్వండి. కుదుళ్లు ఊడ్చిన రోజు లెక్కపెట్టి రాసుకోండి. కోతల రోజు బస్తాలు వేరువేరుగా తూచండి. ఎక్కువ ఇచ్చిన కూలి తిరిగి వచ్చిందో లేదో ఆ రెండు అంకెలు చూస్తే తెలిసిపోతుంది.