ఎముక కోరేది సున్నం, బోరు ఇచ్చేది ఫ్లోరైడ్

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలను పట్టి పీడించే ఫ్లోరోసిస్ మన దేశంలో మొదట వైద్యుల లెక్కకెక్కింది ఎక్కడో తెలుసా? మన పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల్లోనే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు ఆ వివరాలు ప్రచురించారు. అప్పట్లో ఆ ఊళ్లు నెల్లూరు జిల్లావి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. అన్నీ ఒక జిల్లా కిందికి వచ్చింది 1970లో. బోర్లకు మాత్రం ఆ సరిహద్దులు ఎప్పుడూ పట్టలేదు.

●

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు. అప్పుడే పుట్టిన బిడ్డకు 270కి పైనే! మిగతావి ఎక్కడికీ పోవు, పెరిగేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. పసిబిడ్డ మోకాలి చిప్ప ఇంకా ఎముక కాదు, మెత్తటి మృదులాస్థి. కాలర్ బోన్ కథ ఇంకా విచిత్రం. తల్లి కడుపులో ఐదారు వారాలకే అన్నిటికంటే ముందు గట్టిపడటం మొదలుపెట్టేది అదే, పాతికేళ్లు దగ్గరపడేదాకా పని ముగించనిదీ అదే.

●

ఎముకను రాయి అనుకుంటాం గానీ అందులో నిత్యం పని జరుగుతూనే ఉంటుంది. పాతదాన్ని కరిగించే కణాలు వేరు, కొత్తది కట్టే కణాలు వేరు. కట్టుబడిలో చిక్కుకుపోయిన కొన్ని కణాలు లోపలే ఉండి, సన్నటి కాలువల గుండా ఒకదానితో ఒకటి కబురందించుకుంటూ, ఎక్కడ బరువు పడుతోందో కనిపెడుతుంటాయి. ఇలా ఏటా అస్థిపంజరంలో సుమారు పదోవంతు కొత్తదవుతుంది. అందుకే మనం తాగే నీళ్లతో దానికి అంత పని.

●

ఎముకకు సాగే గుణం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులది, గట్టిదనం కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజానిది. ఫ్లోరైడ్ వచ్చి ఆ ఖనిజంలోని హైడ్రాక్సిల్ చోటులో కూర్చుంటుంది. ఒంట్లో నిలిచిన ఫ్లోరైడ్‌లో 99 శాతం చేరేది ఎముకల్లోకీ పళ్లలోకే. ఏళ్ల తరబడి చేరితే ఎముక చిక్కబడుతుంది, బరువెక్కుతుంది, కానీ బలం పెరగదు. మార్కాపురం పలక లాగా చూడటానికి గట్టిది, కింద పడితే పుటుక్కున విరుగుతుంది. కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి బంధకాలు కూడా సున్నం పట్టి బిగుసుకుంటాయి, నడుం వంగదు, మెడ తిరగదు. ముంజేయి ఎక్స్‌రేలో రెండెముకల నడుమ పొర గట్టిపడి అంచులు రంపపు పళ్లలా కనిపిస్తే డాక్టర్లకు అనుమానం తీరినట్టే.

●

గారపళ్లు చెప్పేది చిన్ననాటి ముచ్చట మాత్రమే. పంటి పైపొర సుమారు ఎనిమిదేళ్లలోపు తయారైపోతుంది కాబట్టి, ఆ తర్వాత ఫ్లోరైడ్ ఊరికి కాపురానికొచ్చిన కోడలి పళ్లు తెల్లగానే ఉంటాయి. ఎముకలు తప్పించుకోవు.

●

నీటిలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌తో కలిసి అడుగున పడిపోతుంది. అందుకే సున్నం తక్కువున్న బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. నాలుకకు తెలియదు, రంగు మారదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. కాచి తాగితే పోతుందనుకోవడం వట్టి భ్రమ. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

●

మరి పులుసు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రచురించారు. మన వంటింటికి ఇది మంచి కబురే. అయితే నీళ్లు మార్చనవసరం లేదని దీనికి అర్థం కాదు.

●

కృష్ణా వరద నీటిని నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల గుండా ఇటు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టులో సాగునీటితోపాటు తాగునీరూ లక్ష్యమే. మంచినీళ్లు వచ్చిన రోజునుంచే ఎముక శుభ్రపడిపోదు. పేరుకున్న ఫ్లోరైడ్, పాత ఎముక కరిగి కొత్తది కట్టుకునే వేగంతోనే ఏళ్లకేళ్లు పట్టి బయటికొస్తుంది. పెరిగే వయసు పిల్లలు తాగిన ఫ్లోరైడ్‌లో పెద్దల కంటే ఎక్కువ వంతు ఎముకల్లోనే ఉండిపోతుంది కాబట్టి, మంచినీటి కుళాయి ముందు పడాల్సింది బడికీ అంగన్‌వాడీకీ.