తాళాలగుత్తి మార్చేశారు!

ఆదివారం ఉదయం పదకొండు గంటలు. గుంటూరులో మా పక్కింటి మాస్టారు ఫోన్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ముఖం నిండా చెమట. "బాబూ, ఇది నా వేలిని గుర్తుపట్టడం మానేసింది" అన్నారు.

మాస్టారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కిందటేడు సంక్రాంతికి వచ్చినప్పుడు నాన్న ఫోన్లో పాస్‌వర్డ్ మేనేజర్ యాప్ పెట్టి వెళ్లాడు. పెన్షన్ పడే బ్యాంకు, కరెంటు బిల్లు, హెల్త్ ఇన్సూరెన్స్, రైలు టికెట్లు... అన్నిటికీ నోరు తిరగని పాస్‌వర్డ్‌లు ఆ యాపే తయారుచేసి దాచిపెట్టింది. "నువ్వేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు నాన్నా, వేలు పెడితే చాలు" అన్నాడట. ఏడాదిపాటు అలాగే సాగింది.

శనివారం రాత్రి యాప్ తనంతట తానే అప్‌డేట్ అయింది. తెల్లారేసరికి రంగు మారింది, బటన్లు చోటు మారాయి. వేలిముద్ర వద్దు, మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టమంటోంది. ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టడానికి అదే ఆఖరి రోజు. అబ్బాయికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి దాటింది, ఎత్తడం లేదు. అయిదుసార్లు ప్రయత్నించారు. అయిదుసార్లూ తప్పే.

"నా డబ్బు, నా ఫోను, నా వేలు. మధ్యలో వద్దనడానికి వీడెవడు?" అన్నారు మాస్టారు.

ఈ కోపం ఆయనొక్కరిదే కాదు.

పెద్ద కంపెనీలూ ఇంతే

2024 జులై చివరి వారంలో విండోస్ కంప్యూటర్లలో క్రోమ్ వాడే చాలామందికి, దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఉన్నట్టుండి కనిపించకుండా పోయాయి. బ్రౌజర్ కొత్త వెర్షన్‌తోపాటు వచ్చిన ఒక మార్పే కారణం. పాస్‌వర్డ్‌లు చెరిగిపోలేదు, కనిపించలేదంతే. సుమారు 18 గంటల తర్వాత సరిచేసి గూగుల్ క్షమాపణ చెప్పింది. కానీ ఆ 18 గంటలూ కంగారుపడినవాళ్లకు ఆ సంగతేం తెలుసు?

ఇది పొరపాటు. కావాలని చేసే మార్పులూ ఉంటాయి. కెనడా కంపెనీ వన్‌పాస్‌వర్డ్ తన ఎనిమిదో వెర్షన్ తెచ్చినప్పుడు, ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి ఎత్తేసి చందా పద్ధతి ఒక్కటే ఉంచింది. పాస్‌వర్డ్‌లను సొంత కంప్యూటర్లోనే దాచుకునే వీలు కూడా తీసేసింది. ఏళ్ల తరబడి వాడినవాళ్లు భగ్గుమన్నారు. లాస్ట్‌పాస్ 2021 మార్చి నుంచి ఉచితంగా వాడేవాళ్లకు ఒక షరతు పెట్టింది: ఫోన్లో వాడతారా, కంప్యూటర్లో వాడతారా, ఏదో ఒకటి తేల్చుకోండి! మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్ అయితే 2025 జూన్‌లో కొత్త పాస్‌వర్డ్‌లు దాచడం ఆపింది. జులైలో వాటిని తానే నింపడం మానేసింది. ఆగస్టు నుంచి పాతవి కూడా ఆ యాప్‌లో చూసుకోవడానికి లేకుండా చేసింది. ముందే చెప్పింది నిజమే. కానీ యాప్ చూపించే ప్రతి నోటీసునూ చదివేదెంతమంది?

కస్టమర్ కేర్ ఎందుకు తెరవలేదు?

మాస్టారు అడిగిందీ ఇదే. "బ్యాంకు పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీతో కొత్తది ఇస్తారుగా, వీళ్లకేం రోగం?"

ఇది రోగం కాదు, కాపలా. మంచి పాస్‌వర్డ్ మేనేజర్ కంపెనీ దగ్గర మన మాస్టర్ పాస్‌వర్డ్ ఉండదు. తాళం వేసిన పెట్టె మాత్రమే ఉంటుంది. అందుకే కంపెనీ ఉద్యోగి కూడా మన వివరాలు చూడలేడు. 2022లో లాస్ట్‌పాస్ మీద దాడి చేసినవాళ్లు ఖాతాదారుల పెట్టెల కాపీలే ఎత్తుకుపోయారు. గట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకు అప్పుడు అదే రక్ష.

మరి వేలిముద్ర? అది తాళంచెవి కాదు. మన ముఖం చూసి, లోపల దాచిన తాళంచెవి తెచ్చిచ్చే వాచ్‌మన్ లాంటిది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడో, ఫోన్ మార్చినప్పుడో వాచ్‌మన్ మారిపోవచ్చు. కొత్తవాడికి మనం తెలియదు. అసలు తాళంచెవి చూపించమంటాడు. ఏడాదిగా చూడని తాళంచెవి ఎక్కడుందో మనకేం గుర్తు?

అలాగని అప్‌డేట్లు ఆపేయడమూ మంచిది కాదు. దొంగలు దూరే కన్నాలు పూడ్చేది వాటితోనే.

ముందే చేసుకోవాల్సినవి

వేలిముద్ర పనిచేస్తున్నా సరే, నెలకోసారి మాస్టర్ పాస్‌వర్డ్ చేత్తో కొట్టండి. అప్పుడే గుర్తుంటుంది.

ఆ ఒక్క పాస్‌వర్డ్‌నీ, రికవరీ కోడ్ ఉంటే దాన్నీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదంటారుగా అనుకోవద్దు. వన్‌పాస్‌వర్డ్ కంపెనీయే 'ఎమర్జెన్సీ కిట్' పేరుతో ఒక పేజీ ఇచ్చి, ప్రింట్ తీసి భద్రంగా దాచుకోమంటుంది.

యాప్ మొరాయిస్తే కోపంలో దాన్ని తీసేయకండి. ఇంకో ఫోన్లోనో కంప్యూటర్లోనో అది తెరిచే ఉందేమో చూడండి. ఉంటే, ముందు అక్కడి నుంచి 'ఎక్స్‌పోర్ట్' నొక్కి కాపీ తీసుకోండి. మామూలుగా ఆ ఫైల్‌కి తాళం ఉండదు, ఎవరైనా చదివేయొచ్చు. వాట్సాప్‌లో పంపుకోవద్దు. పని అయిపోగానే చెరిపేయండి.

అన్నిటికంటే ముఖ్యం, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయొద్దు. వాటిలో దొంగ నంబర్లుంటాయి. మీ ఫోన్ స్క్రీన్ చూపించమన్నారంటే వెంటనే పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇంతకీ మాస్టారి ప్రీమియం సంగతి?

మేమిద్దరం ఫోన్‌తో కుస్తీ పడుతుంటే పిన్నిగారు వచ్చారు. చేతిలో పాలలెక్కల పుస్తకం. "పిల్లాడు ఆ రోజు చెబుతుంటే దీని వెనకపేజీలో రాసుకున్నానండీ. ఇదేనేమో చూడండి" అన్నారు. అదే! ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కొట్టాం. పెట్టె తెరుచుకుంది. పదినిమిషాల్లో ప్రీమియం కట్టేశాం.

"వద్దన్నా రాశావు" అన్నారు మాస్టారు.

"మా అమ్మ తాళాలగుత్తి బొడ్డులో దోపుకునేది. రాత్రికి రాత్రి ఎవరూ మార్చలేదు. ఇదేమో ఎక్కడుందో కూడా కనపడదాయె. రాసుకోక ఏం చేయను?" అన్నారు పిన్నిగారు.

పాలవాడికి కూడా కనిపించే పుస్తకంలో ఉంచడం మాత్రం మంచిది కాదన్నాను. ఆ పేజీ ఇప్పుడు బీరువాలో, పొలం కాగితాల మధ్య ఉంది.